వాదప్రియుడు – ఇంటా బయటా

ప్రతి ఇంటిలోనూ, ప్రతి కార్యాలయంలోనూ ఒకడుంటాడు. పదిమందీ కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చి, ఇక కాఫీ తెప్పించుకుందామనుకునే వేళకు, "అట్లా కాకపోతేనో?" అని మొదలుపెడతాడు. పెండ్లి ముహూర్తం సంగతి కానివ్వండి, వంటింటి కిటికీ ఏ దిక్కున పెట్టాలన్న సంగతి కానివ్వండి, రెండవ పక్షం అతనికి కనబడక మానదు. నిన్న తాను సమర్థించినదానినే నేడు ఖండించగలడు. ఖండిస్తున్నంతసేపూ అతని ముఖాన కోపం లేదు సరిగదా, పండుగనాటి కళ ఉంటుంది. ఎదుటివారి ముఖాన మాత్రం ఆ కళ కనిపించదు.

ఇట్టివానిని మొండివాడనడం పొరపాటు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాడు మొండివాడు. వాదప్రియుడు మూడు కాళ్లని కాసేపు, ఐదు కాళ్లని కాసేపు వాదించి, చివరకు అసలు కుందేటికి కాళ్లెందుకుండాలని ప్రశ్నిస్తాడు. కుందేలు మీద అతనికి పట్టుదల లేదు. ప్రశ్న మీద ప్రీతి ఉన్నది. మనం విసుగు పుట్టినప్పుడు అతనిని వితండవాది అంటాము. అదే మనిషి ఒకనాడు ఎవరికీ తోచని ఉపాయం చెప్పి పని గట్టెక్కిస్తే, బుర్ర ఉన్నవాడని మెచ్చుకుంటాము. ఈ రెండు బిరుదులూ ఒకే గుణానికి వచ్చినవని మాత్రం తలచము. ఆ గుణమేమిటో, దానితో ఎట్లా వేగాలో, అది మనలోనే ఉంటే ఏమి చేయాలో కొంత ఆలోచిద్దాము.

ఈ కాలపు మనస్తత్వ పరిశీలకులలో కొందరు ఈ రకానికి ఒక గుర్తు పెట్టినారు. స్విట్జర్లాండు దేశపు మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో మనుష్య స్వభావాలను వర్గీకరిస్తూ ఒక గ్రంథం ప్రకటించాడు. దానిని ఆధారం చేసుకుని అమెరికాలో కాథరీన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మయర్స్ కలిసి, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఒక ప్రశ్నావళిని రూపొందించారు. దాని ప్రకారం మనుష్యులు పదహారు రకాలు; ఒక్కొక్క రకానికి నాలుగు అక్షరాల గుర్తు. మన వాదప్రియుని గుర్తు 'ఇ.ఎన్.టి.పి.' నలుగురిలో పడితేనే అతని బుద్ధి చురుకెక్కుతుందని మొదటి అక్షరానికి అర్థం. కంటి ఎదుట ఉన్నదానికన్న, ఉండగలదాని మీదనే అతని చూపని రెండవదానికి అర్థం. నిర్ణయించే వేళ ఒకరి మనసు నొచ్చుతుందా అన్నదానికన్న తర్కం పొసగుతున్నదా అన్నదే అతనికి ముఖ్యమని మూడవది చెబుతుంది. ఏ విషయాన్నీ ముగించి ముడివేయడం అతనికి ఇష్టముండదని నాలుగవది తెలుపుతుంది.

అయితే ఈ గుర్తులను జాతకచక్రాలవలె నమ్మరాదని పరిశోధకులు హెచ్చరిస్తూనే ఉన్నారు. కొన్ని వారాల తరువాత మరల అవే ప్రశ్నలు వేస్తే చాలామంది వేరొక రకంలో తేలుతున్నారు. మనుష్యులను పొడుగు, పొట్టి అని రెండు గదులలో నింపలేము. ఎత్తుకు అంగుళాలున్నట్లే స్వభావానికీ మోతాదులుంటాయి. అందుచేత, కొత్తదనం మీద మక్కువ ఎంత, ఎదుటివారితో సర్దుకుపోయే గుణం ఎంత అని వేర్వేరుగా కొలిచే పద్ధతికే నేడు విద్వాంసులలో ఆదరణ ఎక్కువ. ఆ లెక్కన మన వాదప్రియునిలో మొదటిది హెచ్చు, రెండవది కొంచెం కొరత. ఈ గుణం మనందరిలోనూ ఎంతో కొంత ఉన్నదే. కొందరిలో పాలు ఎక్కువ, అంతే.

మన పూర్వులు మనిషి రకాన్ని పరిశీలించడంకన్న, అతడు చేసే వాదపు రకాన్ని పరిశీలించడం ఎక్కువ ప్రయోజనకరమనుకున్నారు. గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు విధాలుగా విభజించినవి. సత్యం తేల్చుకోవడానికి ఇరుపక్షాలవారూ ప్రమాణాలతో చేసేది వాదం. గెలుపే పరమార్థంగా, మాటలను మెలిపెట్టి అయినా సరే నెగ్గాలని చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షాన్ని నిలబెట్టకుండా ఎదుటివాని పక్షాన్ని పడగొట్టడమే పనిగా చేసేది వితండ. వైద్యశాస్త్రమైన చరకసంహితలో కూడ వైద్యులు పరస్పరం చర్చించుకొనే విధానాన్ని రెండుగా చెప్పినారు. మైత్రితో చేసేది సంధాయ సంభాష, పోట్లాటగా చేసేది విగృహ్య సంభాష. మైత్రితో చర్చించేవాడు ఓడిపోతానేమోనని భయపడకూడదు, ఓడించినందుకు పొంగిపోనూ కూడదు అని అక్కడి నియమం. రోగి ప్రాణం మధ్యలో ఉన్నప్పుడు ఎవరు నెగ్గినారన్నది ఎవరికి కావాలి?

ఈ కొలబద్దతో మన ప్రాంతపు మనుష్యులను కొందరిని చూద్దాము. మొదటివాడు కల్పిత పురుషుడు. అయినా నిజమైనవారికన్న మనకు బాగా పరిచితుడు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ప్రదర్శితమైనది. 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా మారిన రూపంలో వెలువడింది. అందులోని గిరీశాన్ని మించిన వాదప్రియుడు మన సాహిత్యంలో లేడు. అతనికి తోచని ఉపాయం లేదు, రాని జవాబు లేదు. పూటకూళ్లమ్మ దగ్గర ఒక మాట, మధురవాణి దగ్గర ఒక మాట, అగ్నిహోత్రావధాన్లు ఇంట వేరొక మాట. బాలవితంతువైన బుచ్చమ్మతో అతడు చెప్పే వితంతు వివాహవాదం తప్పుడు వాదం కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881లోనే రాజమండ్రిలో ఆచరించి చూపినదే. కాని గిరీశం నోట సత్యం కూడ వలవేసే సాధనమైనది. కథాంతాన సౌజన్యారావు పంతులుగారికి అతని పూర్వచరిత్ర తెలిసిపోయి, బుచ్చమ్మ పూనాలోని వితంతువుల శరణాలయానికి వెళ్లగా, గిరీశానికి మిగిలేది అతని మాటకారితనం ఒక్కటే. మనం నవ్వుకుంటాము, కాని ఆ నవ్వులో, ఇంత తెలివి ఎందుకూ కొరగాకపోయిందే అన్న చింత కూడ కొంచెం కలుస్తుంది.

రెండవవారు ఆ గురజాడవారి సహాధ్యాయి, గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం చేరువలోని పర్వతాలపేటలో జన్మించారు. విజయనగరం మహారాజావారి పాఠశాలలో ఇద్దరూ కలిసి చదువుకున్నారు. 1880లో పంతులుగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. ఆయనకు ఊరకే ఉండడం చేతకాదు. ముఖలింగం దేవాలయంలోని శాసనాలను తమంత తామే చదవడం నేర్చుకున్నారు. కొండలలోని సవరలను చూసి, వారి భాషకు లిపి లేదని, పుస్తకం లేదని తెలుసుకుని, దానిని వారి నోటనే విని నేర్చుకున్నారు. సవర పిల్లలకు బడులు పెట్టినారు. ఆ కృషి ఫలితంగా 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడినవి. ఎవరూ అడగని ప్రశ్నలు తమకు తాము వేసుకునే గుణం ఇదే.

ఆ గుణమే తెలుగు వచనం మీదికి మళ్లింది. ఈ శతాబ్దానికి ముందటి శతాబ్దపు తొలి ఏండ్లలో ఉత్తరకోస్తా పాఠశాలల తనిఖీ అధికారిగా ఉండిన జె. ఎ. యేట్సు దొరకు, జనం మాట్లాడే తెలుగొకటి, పుస్తకాలలో తెలుగొకటి ఎందుకున్నవన్న సందేహం కలిగింది. ఆ సందేహాన్ని పట్టుకుని ముందుకు సాగినవారు ఆ దొర, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడవారు, గిడుగువారు. పిల్లవాడు తనకు తెలిసిన విషయాన్ని తనకు తెలిసిన మాటలలో వ్రాస్తే తప్పెందుకు కావాలన్నదే వారి ప్రశ్న. జయంతి రామయ్య పంతులుగారి వంటి విద్వాంసులు అవతలి పక్షాన నిలిచినారు. వాదోపవాదాలు ఏండ్ల తరబడి సాగినవి.

గిడుగువారి వాదపద్ధతిని గమనించండి. వ్యావహారికం మంచిదని ఊరకే ప్రశంసించి ఊరుకోలేదు. ప్రతిపక్షుల వచనాన్నే తీసుకుని, వారు నమ్మిన వ్యాకరణంతోనే దానిని సరిచూసి, నిర్దుష్టమైన గ్రాంథికం వ్రాయడం వారికే సాధ్యం కావడంలేదని పంక్తి పంక్తికీ చూపించారు. అక్కడితో ఆగితే అది వితండ అయ్యేది. శాసనాల నుండి, పాతకాలపు వచన రచనల నుండి ఉదాహరణలు సేకరించి, తమ పక్షాన్ని కూడ స్థాపించారు. 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపినారు. 1925లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటల సేపు ప్రసంగించారు; వ్యావహారికం మీది నిషేధం ఆ పరిషత్తు తొలగించుకున్నది.

ఇక్కడ ఒక సంగతి తలచుకుంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలుగుతుంది. సవర కొండలలో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైను విశేషంగా వాడిన కారణంగా పంతులుగారికి చెవుడు వచ్చింది. అది జీవితాంతం ఉండిపోయింది. తెలుగుదేశంలోని అతి పెద్ద వాది, ఎదుటివాని మాట చక్కగా వినలేని మనిషి! సాధారణంగా చెవులున్న వాదప్రియులే ఎదుటివాని మాట వినరు. అతడు మాట్లాడుతుండగానే జవాబు అల్లుకుంటూ ఉంటారు. వినలేని పంతులుగారు మాత్రం ప్రతిపక్షి వ్రాసిన ప్రతి అక్షరాన్నీ చదివినారు. వారి గ్రంథాలలో ప్రతిపక్షి వాక్యం అడుగడుగునా కనబడుతుంది. వాదానికి కావలసిన వినికిడి ఆయనకు కండ్లలో ఉన్నది.

ఇద్దరు మిత్రుల సంబంధం కూడ గమనింపదగినది. గురజాడవారు సభాసమరాలకన్న రచననే ఆశ్రయించిన మనిషి; ఆరోగ్యం అంతంతమాత్రం. ఆయన నాటకం వ్రాసి చూపించారు. గిడుగువారు శాస్త్రం చెప్పి పోరాడినారు. 1915లో గురజాడవారు మరణించిన తరువాత ఇంకొక పాతికేండ్లు పంతులుగారు ఆ పోరాటం సాగించారు. మరణానికి వారం రోజుల ముందు, 1940 జనవరి 15న, పత్రికా సంపాదకులకు వారు చేసిన తుది విన్నపం కూడ ఆ విషయం మీదనే. నేడు రేడియోలో వార్తలు చదివినా, రైతుకు చీడపీడల సంగతి చెప్పినా, ఇంటిలోని పెద్దమ్మకూ, బడిపిల్లవానికీ ఒక్కసారే అర్థమవుతున్నదంటే ఆ 'అట్లా కాకపోతేనో' అన్న ప్రశ్నకు మనం ఋణపడి ఉన్నాము.

మూడవవారు మన వాల్తేరుకు సంబంధించినవారు, కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' ప్రకటించి, ప్రబంధ కవిత్వానికి ఉన్న పరువును నిలదీసి, పింగళి సూరనను మెచ్చి, పండితలోకాన్ని కుదిపినారు. రాజకీయాలలో ఉండి 1923లో, అంతకుముందు తాము ఉన్న జస్టిస్ పక్షపు మంత్రివర్గం మీదనే మద్రాసు శాసనసభలో అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించారు, అది వీగిపోయింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షులైనారు. స్వాతంత్ర్యోద్యమాన్ని ప్రభుత్వం అణచివేయడాన్ని నిరసిస్తూ 1930లో రాజీనామా ఇచ్చినారు. ఇంతవరకు చూస్తే ఎక్కడా నిలవని మనిషి అనిపిస్తుంది. కాని 1936లో మరల అదే పదవికి వచ్చి 1949 వరకు, పదమూడేండ్లు, ఒకే పనిలో నిలిచి ఆ సంస్థను పెంచినారు. వాదప్రియుడు నిలకడ లేనివాడన్న మాట పూర్తిగా నిజం కాదన్నమాట. తన బుద్ధికి చాలినంత పెద్ద పని దొరికితే నిలుస్తాడు.

ఇక పనిచేసే చోట్ల సంగతి. మన రేవును చూడండి. 1933లో విశాఖపట్నం రేవు ప్రారంభమైనది. సముద్రపు తాకిడి నుండి, ఇసుక మేటల నుండి రేవు ముఖద్వారాన్ని కాపాడడానికి పాత ఓడలు రెండింటిని రాళ్లతో నింపి, కావాలని ముంచివేసి, వాటినే అడ్డుకట్ట చేసినారు. ఓడ తేలడానికే కదా అన్నవాడికి ఈ ఉపాయం తోచదు. మునిగిన ఓడ కూడ పనికివస్తుందేమో అని అడిగినవాడికే తోచింది. ప్రతి సంస్థకూ ఇట్టి మనిషి ఒకడు కావాలి. ఒక పథకం పదిమందికీ నచ్చినప్పుడు దానిలోని చిల్లు అతనికే కనబడుతుంది. అతనిని నోరుమూయించిన సంస్థ ఆ చిల్లును పోగొట్టుకోదు. అది కనబడే రోజును వాయిదా వేసుకుంటుంది.

అయితే దేనికైనా వేళ ఉన్నది. ఉక్కు కర్మాగారంలో బ్లాస్టు ఫర్నేసు నుండి ద్రవలోహాన్ని విడిచే వేళ, ఇంకొక పద్ధతి ఉండవచ్చు గదా అని చర్చ పెట్టరాదు. సన్నని కాలువలోకి నౌకను తెస్తున్న పైలట్ చెవిలో సందేహాలు ఊదరాదు. ఆ చర్చలు ముందురోజు జరగాలి, తీరిగ్గా జరగాలి, అందరి ఎదుటా జరగాలి. కావున ఇట్టివాని పైఅధికారికి నేను చెప్పగలది మూడు మాటలు. పథకం పుట్టే దశలో అతనిని పిలవండి. ముగిసే దశలో పిలవకండి. లోపం చెప్పిన ప్రతిసారీ దానికి మారుగా ఏమి చేద్దామో కూడ చెప్పమనండి. వితండను వాదంగా మార్చే కీలకం అదే. ఇక, మొదలుపెట్టినదానిని ముగించే గుణం ఉన్న మనిషిని అతనికి జతచేయండి. కొత్త ఆలోచన పుట్టగానే పాతదాని మీద మోజు తీరిపోవడం ఈ స్వభావపు లోపం. అది అతనికీ తెలుసు. చెప్పుకోవడానికి మాత్రం సిగ్గు.

ఇంటి సంగతి ఇంతకన్న కష్టం. ఇక్కడ గిడుగువారిని, రెడ్డిగారిని విడిచి నా సంగతే చెబుతాను. నేనూ ఈ తెగవాడినే. చర్చా కార్యక్రమాలు నడపడం నా ఉద్యోగమైతే, ఇంటిలో చర్చలు నడపడం నాకు అలవాటు. మా నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన కొన్నేండ్లకు, పట్నం విడిచి స్వగ్రామం వెళ్లి ఉందామని తలచినారు. ఆ మాట నాతో అన్నప్పుడు నేను ఉత్సాహంగా ఖండించాను. అక్కడ వైద్యుడు లేడన్నాను, పాత ఇల్లు వానకు కారుతుందన్నాను, అక్కడి స్నేహితులలో సగంమంది పోయినారన్నాను. ఆయన ఆలోచించి, సరే, ఇక్కడనే ఉంటానన్నారు. పది రోజుల తరువాత ఆ మాట మీద నేను రెండవ పక్షం మొదలుపెట్టాను. ఈ ధూళిలో, ఈ రొదలో ఏముందండీ, అక్కడ చెరువుగట్టు, చుట్టాలు అని. నాకది బుద్ధికి వ్యాయామం. ఆయన అప్పటికి ఎన్ని రాత్రులు నిద్రలేకుండా ఆలోచించుకున్నారో నాకు తట్టనేలేదు.

నాన్నగారు కండ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంతకీ నన్ను వెళ్లమంటావా, ఉండమంటావా నాయనా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. రెండు పక్షాలకూ నా దగ్గర పన్నెండేసి హేతువులున్నవి. పక్షం మాత్రం లేదు. అటు తరువాత ఆయన ఏ విషయమూ నాతో ఆలోచన చేయలేదు. మందుల సంగతీ, బ్యాంకు కాగితాల సంగతీ మా చెల్లెలితోనే చెప్పుకునేవారు. ఊరికి వెళ్లనూ లేదు. ఆయన పోయిన తరువాత ఒకనాడు చెల్లెలు మాటల మధ్య అన్నది: "ఊరు వెళితే నువ్వు నెలకొకసారైనా వచ్చి చూసిపోతావా అని నాన్న నిన్ను అడగాలనుకున్నారు అన్నయ్యా. నీ మాటల్లో సందు దొరకలేదు." దానికి కూడ నా దగ్గర జవాబు లేదు.

అందుచేత నా తెగవారికి నేను చెప్పే మాట చిన్నది. ఎవరైనా ఒక సంగతి తెచ్చినప్పుడు, వారు వాదాన్ని కోరి వచ్చినారా, తోడును కోరి వచ్చినారా అని ముందు విచారించండి. తెలియకపోతే అడగండి, అడగడం మనకు చేతకాని విద్య కాదు గదా. వాదమే కావాలంటే, మీ నిజమైన పక్షమేదో మొదట చెప్పి, తరువాత రెండవ పక్షాన్ని ఎత్తుకోండి. పూర్వపక్షం చెప్పి సిద్ధాంతం చెప్పకుండా లేచిపోవడం మన శాస్త్రకారుల మర్యాద కాదు.

వాదప్రియునితో కాపురం చేసేవారికీ, అతనిని కన్నవారికీ, అతనితో పనిచేసేవారికీ మరొక మాట. అతని ఖండనలో మీ మీద ద్వేషం లేదు. నిజానికి ఎవరిమీద గౌరవముంటుందో వారితోనే అతడు వాదిస్తాడు. అట్లని ఓర్చుకుని కూర్చోకండి. "ఇది చర్చకు కాదు, నిర్ణయానికి" అని స్పష్టంగా చెప్పండి. కటువుగా ఉంటుందని సందేహించకండి. స్పష్టమైన మాటను అతడు గౌరవిస్తాడు, మౌనాన్ని అర్థం చేసుకోలేడు. మా నాన్నగారు మౌనం వహించారు. నేను దానిని అంగీకారమనుకున్నాను.

ఇక ఇంటిలో పదేండ్ల పిల్లవాడెవడైనా ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేస్తుంటే, వాడి నెత్తిన మొట్టికాయ వేయకముందు ఒక్క క్షణం ఆగండి. వాడిలో గిరీశమూ ఉండవచ్చు, గిడుగు రామమూర్తీ ఉండవచ్చు. ఏది పైకి వస్తుందన్నది, ప్రశ్న అడిగిన తరువాత జవాబు వినేదాకా కూర్చోవడం వాడికి ఎవరైనా నేర్పినారా లేదా అన్నదాని మీద చాలవరకు ఆధారపడి ఉంటుంది. రాత్రి భోజనాల వేళ వాడిని ఒక పక్షం ఎత్తుకోమనండి. మీరు రెండవ పక్షం వహించండి. చివరకు మాత్రం, "ఇంతకీ నీ అభిప్రాయమేమిటి నాయనా?" అని అడగడం మరవకండి.